నీరు పుట్టే చోట

సొరచేప చచ్చేది తొట్టెలోనే అయినా, చావు మొదలయ్యేది ఫిల్టరులో. రొయ్యపిల్లల హేచరీలో నీళ్లు వడకట్టడంతోనే నా వయసంతా అయిపోయింది కాబట్టి నాకీ సంగతి తెలుసు. తెలిసీ నా భార్యను దక్కించుకోలేకపోయాను.

మాది సముద్రపు హోరు వినపడే దూరంలో ఉన్న జీడితోటల ఊరు. మా వైపు ఇంటింటా ఉన్న కిడ్నీల జబ్బు మా ఇంట్లో నా భార్య దమయంతికి వచ్చింది. డయాలసిస్ మిషను మీద పడుకోవడానికి పట్నం వెళ్లి వచ్చిన రోజు మనిషి పిండి ఆరేసిన బట్టలా ఉండేది. ఆ రోజుల్లోనే సముద్రపు ల్యాబు నుంచి డాక్టర్ సువర్చల మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకు ఒక రోగి కావాలి, నీళ్ల పని తెలిసిన మనిషి కావాలి. ఇద్దరూ ఒకే గుమ్మంలో దొరికారు.

"మీరు సొర వండుతారా?" అని దమయంతిని అడిగింది.

"వండకేటి? బాలింతలకి సొర పిట్టే కదా పెడతాం."

"రెండు పూటలు నిలవుంటే ఏం వాసన వస్తుంది?"

దమయంతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "పసిపిల్లల పక్కబట్టల వాసనండి."

"అదే యూరియా. ఆసుపత్రి మిషను మీ ఒంట్లోంచి తీసేసేది కూడా దాన్నే. మీకది విషం. సొరకు అదే బలం. పారబోయకుండా ఒంట్లో దాచుకుంటుంది."

ల్యాబులో వాళ్లు ఒక చిన్న జాతి సొరను మార్చారు. మూరెడు పొడవు, ఒంటి మీద గోధుమ రంగు పట్టీలు, ఇసుక మీద పొట్ట ఆనించి పడుకునే సాధు రకం. అది గుడ్డులో ఉండగానే ఒక మనిషి నెత్తుటి రుచి చూపిస్తే, పెద్దయ్యాక ఆ మనిషి ఒంటి మలినాన్ని నీళ్లలోంచి పీల్చుకుంటుంది. దమయంతి కడుపులోకి ఒక గొట్టం. గొట్టం చివర, ఉప్పును ఆపి మలినాన్ని మాత్రం వదిలే ఒక పొర. పొర అవతల సొరల తొట్టె. ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు పెరట్లో మంచం మీద పడుకుంటే చాలు. ఆ సొరలే ఆమెకు కిడ్నీలు.

"మరి సొరల మలినాన్నెవరు తీస్తారు?" అన్నాను.

"అందుకే మీ దగ్గరకు వచ్చాను," అంది డాక్టరు.

తొట్టె గుండ్రంగా కట్టాను. మూలలుంటే సొర ముక్కు రాసుకుని పుండు చేసుకుంటుంది. కొత్త సిమెంటు సున్నం కక్కుతుంది కాబట్టి అరటి బోదెలు నరికి నీళ్లలో నానేశాను. తొట్టె పక్కన మూడు డ్రమ్ములు. మొదటిదాంట్లో నీళ్లు సుడి తిరిగి మడ్డి అడుక్కి దిగుతుంది. రెండోదాంట్లో స్పాంజీలు. మూడోది నిలువెత్తు డ్రమ్ము, దాని నిండా ప్లాస్టిక్ బిళ్లలు. ఆ బిళ్లలకు జిగురు పట్టాలి. ఆ జిగురులోని పురుగులే సొర విసర్జించిన అమ్మోనియాను తింటాయి. హేచరీ నుంచి జిగురు పట్టిన బిళ్లలు దోసెడు తెచ్చి, పాలలో తోడు వేసినట్టు వేశాను. గాలి ఆడటానికి బ్లోయరు, కరెంటు పోతే ఇన్వర్టరు, కాకులకు వల.

ఎదురింటి గున్నమ్మ రోజూ వచ్చి ఈ పని చూసేది. దమయంతికి అక్క, నాకు వదిన. తల్లి పోయాక దమయంతిని పెంచింది ఆమే. మొగుడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఎండుచేపల గంప బస్సు మీద వేయించుకుని సంత సంతకూ తిరిగేది. ఇంట్లో కూర్చుంటే కాళ్లు లాగుతాయనేది.

"ఏటి మరిదీ, అరటి బోదెలు ఊరేస్తన్నావు, సొరలకి కూరొండుతున్నావేటి?"

"నువ్వు గట్టు దిగు వదినా. కాల్లకి ఉప్పు సేప పొట్టుంది."

"సూడవే సెల్లీ, నీ మొగుడికి నాకన్నా సొరలెక్కువైపోనాయి."

సొరలు వచ్చే ముందు ఇద్దరినీ నిలబెట్టి చెప్పాను. "ఇనండి. ఈ నీలకి రాగి తగలకూడదు. ఇత్తడి తగలకూడదు. సెంబైనా, గరిటైనా, ఉంగరమైనా సరే. రాగి ఊరిన నీలలో సొర బతకదు."

"నా మట్టెలు ఎండివే. బయపడకు మావా," అంది దమయంతి.

గున్నమ్మ తలూపింది. నేను చూశాను. తలూపింది.

తర్వాత గట్టు మీద చతికిలబడి నీళ్లు చూస్తూ అడిగింది. "బావికయితే ఊటుంటాది. దీనికి నీరెక్కడ పుడతాది మరిదీ?"

"అదిగో, ఆ పెద్ద డ్రమ్ములోన. మంచినీరంతా అక్కడ్నించే వొస్తాది," అన్నాను.

*

సొరలు వచ్చాక దమయంతి మనిషయింది. ముఖం మీద వాపు పోయింది. నెత్తళ్లూ చిన్న రొయ్యలూ తనే కోసి వేసేది. సొరలన్నిటికీ చచ్చిపోయిన మా అత్తల పేర్లు పెట్టింది. ఒక పెద్ద ఆడ సొర గోడ పక్కనే తిరుగుతుండేది. దాని పేరు పోలమ్మత్త.

"పోలమ్మత్త మల్లీ అలిగింది మావా. మూల లేని తొట్టిలోన మూల ఎతుక్కుంతన్నాది."

నాకు నవ్వు తక్కువ. ఆ మాటకు మాత్రం నవ్వేవాణ్ని.

సొరలు గుడ్లు కూడా పెట్టాయి. నల్లటి తోలు సంచుల్లా ఉంటాయి అవి. నీళ్లలోకి దిగిన వల అంచుకు చుట్టుకుని వేలాడేవి. దమయంతి వాటిని లెక్క చూసుకుంటూ పొద్దు పుచ్చేది.

సంగతి బరంపురంలో బయటపడింది. గున్నమ్మ ఆడపడుచు కూతురి పెళ్లికి అక్కచెల్లెళ్లిద్దరూ వెళ్లారు. రెండు పూటల కన్నా ఉండవద్దని డాక్టరు చెప్పింది. గున్నమ్మ ఇంకొక్క పూట అని ఆపింది. దమయంతికి ఆయాసం వచ్చింది. అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్తే, కిడ్నీలు పోయిన మనిషి కదా అని మిషను మీద పెట్టారు. వాళ్లు చేసింది అందరికీ చేసేదే. అరగంట తిరక్కుండా దమయంతికి మూర్ఛ వచ్చింది. మిషను తీసేశాక గానీ తెలివి రాలేదు. అంబులెన్సులో ఇంటికి తెచ్చి తొట్టెకు తగిలిస్తే సాయంత్రానికి లేచి కూర్చుంది.

డాక్టరు నెత్తురు తీసుకెళ్లి మర్నాడు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సొర ఒంట్లో యూరియా ఒక్కటే ఉండదు దాలయ్యగారూ. దాని పక్కనే దానికి విరుగుడు కూడా ఉంటుంది. ఆ విరుగుడు మా పొరలోంచి కొద్దికొద్దిగా ఈమె ఒంట్లోకి వచ్చింది. ఇప్పుడు ఈమె నెత్తురు సొర నెత్తురులాంటిది. యూరియా ఉంటేనే నిలుస్తుంది. ఆసుపత్రి మిషను దాన్ని ఒక్కసారిగా లాగేస్తే మెదడు వాస్తుంది."

"అంటే?"

"ఇక మిషను పనికిరాదు. ఈ తొట్టె ఒక్కటే."

"ఇదెప్పుడు తెలిసింది మీకు?"

ఆమె డ్రమ్ముల వైపు చూసింది. "నెత్తుట్లో యూరియా పెరుగుతోందని ముందే చూశాం. మనిషి బాగానే ఉంది కదా అనుకున్నాం."

మనిషి బాగానే ఉంది కదా. ఆ మాట అన్న నోటితోనే ఆమె ఇప్పటికీ నన్ను గారూ అని పిలుస్తుంది.

దమయంతి నాకన్నా తేలిగ్గా తీసుకుంది. "ఇంకేటి, నన్నెక్కడికీ తిప్పక్కర్లేదు నీకు," అంది. ఆ వారం కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ నేను ఇన్వర్టరు పక్కనే నిలబడ్డాను.

గున్నమ్మ మాత్రం భయపడిపోయింది. చెల్లిని చావు దాకా తీసుకెళ్లింది తనే అనుకుంది. అది నిజమే. అక్కడితో ఆగినా బాగుండేది.

*

మొదట పోలమ్మత్త తిండి మానేసింది. తర్వాత మిగతావి. ఇసుక మీద పడుకునే జీవాలు నీటి పైకి వచ్చి నోరు తెరిచేవి. మొప్పలు ఆగకుండా కొట్టుకునేవి. అమ్మోనియా చూశాను, సరిగానే ఉంది. ఉప్పు చూశాను, పులుపు చూశాను, సరిగానే ఉన్నాయి. కొద్ది రోజులకు అమ్మోనియా కూడా ఎక్కింది. డ్రమ్ములో జిగురు చస్తోందన్నమాట. సముద్రపు నీళ్లు తెచ్చి సగం తొట్టె మార్చాను. మళ్లీ మార్చాను. ఎన్ని నీళ్లు తెచ్చినా అవి ఆ పెద్ద డ్రమ్ము గుండానే కదా తొట్టెలోకి రావాలి.

ల్యాబు వాళ్లు వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు. రాగి ఉందేమోనని ముందు వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు. తొట్టె కట్టిన నాడే రాగిని ఇంట్లోంచి తరిమేశాను మరి. చివరికి చూసి ఫోను చేసేసరికి సొరలన్నీ ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాయి.

పెద్ద డ్రమ్ము బోర్లించాను. బిళ్లలన్నీ కింద పడ్డాక అడుగున పసుపు గుడ్డ మూట కనిపించింది. విప్పితే పాత రాగి కాసులు. పచ్చగా చిలుం పట్టి, ఉప్పునీళ్లకు అంచులు తినేసి ఉన్నాయి. మా వైపు కొత్త బావి తవ్వితే, నీరు పుట్టే చోట గంగమ్మకు రాగి కాసు వేస్తారు. నీరు ఎండదనీ చెడదనీ నమ్మకం.

మూట పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. గున్నమ్మ చేపలు ఎండేస్తోంది. చేతిలోది చూసి లేచి నిలబడింది.

"నేను సెప్పలేదా? రాగి తగలకూడదని సెప్పలేదా?"

"సెప్పేవు మరిదీ. అది సెంబుల సంగతనుకున్నాను. గరిటెల సంగతనుకున్నాను. మొక్కు సంగతనుకోనేదు. అమ్మోరి కాసు కీడెలగ సేస్తాదనుకున్నాను. సెల్లి బతకాలనే ఏసేను."

ఆ తర్వాత ఆమెతో నేను మాట్లాడలేదు.

దమయంతి నెత్తుటి రుచి తెలిసిన సొరలు ల్యాబులో ఇంకేమీ లేవు. గుడ్డు పిల్లయి పనిలోకి రావాలంటే నెలలు పడుతుంది. ల్యాబు వాళ్లు యూరియా కలిపిన నీళ్లు తయారుచేసి ఎక్కించారు. మూర్ఛ రాలేదు గానీ, మిగతా మలినం ఒంట్లోనే నిలిచిపోయింది. రోజురోజుకూ మాట మందగించింది.

ఒక మధ్యాహ్నం, వలకున్న గుడ్డు ఒకటి తెచ్చిపెట్టమంది. గుడ్లకు తోలు పెంకు మందం కాబట్టి చాలావరకు దక్కాయి. తడిగుడ్డలో పెట్టి ఇచ్చాను. ఎండకు ఎత్తి చూసింది. తోలు లోపల సన్నటి నీడ మెలిక తిరిగింది.

"సూడు మావా. తోకాడిస్తన్నాది."

"ఊఁ."

"ఇయ్యి డాక్టరమ్మకిచ్చీ. సంపీకు."

"ఇస్తాను."

"అక్కని ఏటీ అనీకు."

నేను గుడ్డు తీసుకుని వేరే నీళ్ల బకెట్టులో వేయడానికి లేచాను.

"ఇన్నావా?"

విన్నాను. మాట ఇవ్వలేదు. చచ్చిపోయే మనిషికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ తర్వాత రెండు రోజులకు పోయింది.

*

గుడ్లు ల్యాబుకు ఇచ్చేశాను. తొట్టె ఎండగట్టాను. రాగి కాసుల మూటను మాత్రం వీధి గుమ్మానికి మేకు కొట్టి వేలాడదీశాను. గున్నమ్మ తలుపు తీస్తే ముందు అదే కనపడాలి. రోజూ ఆమె కూరగిన్నె తెచ్చి నా అరుగు మీద పెట్టేది. రోజూ దాన్ని కుక్కలు తినేవి. ఊళ్లో వాళ్లు నన్ను రాయి అన్నారు. అననీ.

మూడేళ్లు ఇలాగే గడిచాయి. ఒకరోజు గిన్నె రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు డాక్టర్ సువర్చల వచ్చింది. ఆమె జుట్టు బాగా నెరిసింది.

"గున్నమ్మగారికీ కిడ్నీలు పోయాయి. గుండె కూడా బలహీనం. మిషను ఎక్కువ రోజులు తట్టుకోలేరు."

నేను గుమ్మానికున్న మూట వైపు చూశాను.

"మీరిచ్చిన గుడ్లు పొదిగి పెద్దవయ్యాయి. వాటికి దమయంతిగారి నెత్తుటి రుచి తల్లుల నుంచే వచ్చింది. ఇంకెవరి మలినాన్నీ ముట్టడం లేదు. అక్కచెల్లెళ్లది ఒకే కడుపు కదా, గున్నమ్మగారి మలినాన్ని నీళ్లలో కలిపి చూశాం. తీసుకున్నాయి. ఈ ఊళ్లో ఆ ఫిల్టరు నడపగలిగేది మీరే. అడగడానికి నాకు ముఖం లేదు."

"పొర మార్చేరా?"

"మార్చాం. విరుగుడు ఇంకా కొంత కారుతూనే ఉంది. పూర్తిగా ఆపలేకపోయాం."

"అయితే ఆవిడికీ అలాగే అవుతాది. మిషను పనికిరాదు. ఊరు దాటలేదు."

"ఏడాది లోపు అలాగే అవుతుంది. ఆమెకు చెప్పాను."

"ఏటంది?"

"వద్దంది."

నేను మొదట వద్దు అనుకున్నాను. ఒక పూటంతా ఎండిన తొట్టె గట్టు మీద కూర్చుని అదే అనుకున్నాను. నేను చేయి కదపకపోతే చాలు, ఆమె తనంతట తానే పోతుంది. ఎవరూ నన్ను తప్పు పట్టలేరు. చాలా సులువు. ఆమెకూ సులువే. ఆ సులువే నన్ను గట్టు మీద నుంచి లేపింది.

వీధి దాటి ఎదురింటికి వెళ్లాను. గున్నమ్మ గోడకు చేరగిలబడి ఉంది. కాళ్లు బుడ్డల్లా ఉబ్బాయి. ఎండుచేపల గంప మూల బోర్లించి ఉంది. నన్ను చూసి చెంగు సర్దుకోబోయింది, చేతకాలేదు.

"రేపు నీలు నింపుతాను. వారం దాటేక వొచ్చి మంచమెక్కు," అన్నాను.

మూడేళ్ల తర్వాత నా గొంతు విని, ఆమె గోడను వదిలి ముందుకు వంగింది.

"నన్నొగ్గీ మరిదీ. దాని సొరల్ని సంపిందాన్ని. దాని సొరల మీద నేను బతకడమేటి?"

"నీ ఇష్టం ఎవరడిగేరు?"

"సచ్చిపోతే దాని కాడికే ఎల్తాను. కాల్లట్టుకుంతాను."

"అదే ఒద్దంతన్నాను. నువ్వెల్లి కాల్లట్టుకుంటే అది ఊరుకుంటాది. దానికి కోపం నిలవదు. నాకు నిలుస్తాది. నువ్వు నా కాడుండాలి."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"సంతలుండవు," అన్నాను. "బస్సుండదు. పెల్లిల్లుండవు. అది కూకున్న సోటే కూకుంటావు, అది పడుకున్న మంచం మీదే పడుకుంటావు. పొద్దుట, సాయంత్రం. నువ్వు బతికినన్నాల్లూ."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సంతలో బేరం తెగాక గంప ఎత్తుకునే మనిషిలా ఒక్కసారి నిట్టూర్చింది.

"మరి నువ్వో? నువ్వూ ఊరు దాటలేవు కదా మరిదీ. ఆ ఫిల్టరెవరు కడుగుతారు?"

నేను వీధి దాటి వచ్చేశాను.

తొట్టె కడిగాను. బిళ్లలు కొత్తవి కొన్నాను, పాతవాటిలో రాగి ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. పెద్ద డ్రమ్ము కూడా కొత్తదే. దానికి మూత బిగించి తాళం వేశాను. హేచరీ నుంచి జిగురు బిళ్లలు దోసెడు తెచ్చాను. ఆ జిగురు ఈసారి తొందరగా పాకలేదు. రోజూ అమ్మోనియా చూసి, తగ్గేదాకా సొరలను రానివ్వలేదు. డాక్టరు తొందరపడింది. గున్నమ్మకు ఆయాసం ఎక్కువైందని రెండుసార్లు మనిషిని పంపింది. నీరు సిద్ధం కానిదే నేను ఎవరి కోసమూ తలుపు తియ్యనన్నాను.

సొరలు వచ్చాయి. తల్లులంత లేవు గానీ అవే పట్టీలు. ఇసుక మీద దిగి చుట్టూ వాసన చూసుకున్నాయి. గున్నమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నేను అడక్కముందే రెండు చేతులూ చాపి చూపించింది. గాజులు లేవు, ఉంగరం లేదు. తొట్టె ఎండిపోయాక మళ్లీ వేలికి పెట్టుకున్న రాగి చుట్టు కూడా లేదు. దాని చోట తెల్లటి గీత ఉంది.

వీధి గుమ్మానికున్న మూట తీశాను. ఆమె ముఖం కొద్దిగా తేలికపడింది. దాన్ని తెచ్చి, నీళ్లకు దూరంగా, మంచం మీద పడుకుంటే కళ్లెదుట ఉండే గోడకు కొట్టాను. ఆమె అటు చూసింది. తల తిప్పుకోలేదు.

డాక్టరు గొట్టం తగిలించింది. నేను వాల్వు తిప్పాను. చాలాసేపటికి గున్నమ్మ మెడ ఎత్తి తొట్టెలోకి చూసింది. ఒక ఆడ సొర గోడను రాసుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది.

"పోలమ్మత్త," అంది మెల్లగా. "మూల లేని తొట్టిలోన మూల ఎతుక్కుంతన్నాది."

నవ్వు గొంతు దాకా వచ్చింది. రానివ్వలేదు. స్పాంజీ బయటికి తీసి, బకెట్టులోకి తోడిన తొట్టె నీళ్లలో ముంచి పిండాను. కుళాయి నీళ్లలో కడిగితే జిగురు చస్తుంది. రేపు మళ్లీ పిండాలి.